తాళంచెవి ఎవరి దగ్గర ఉండాలి?

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డిసెంబరు 17 అనగానే మనకు నకారా కేసు గుర్తుకు వస్తుంది. పెన్షన్ అనేది సర్కారు దయతలచి ఇచ్చే బహుమానం కాదు, చేసిన సేవకు దక్కవలసిన హక్కు అని 1982లో ఆ రోజున సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. ఆ తీర్పు గురించి నాకంటె బాగా మాట్లాడగలవారు ఈ సభలో చాలామంది ఉన్నారు. కార్యవర్గం నాకు అప్పగించిన పని వేరు. మన సంఘం సభ్యుల రిజిస్టరును కంప్యూటరులోకి ఎక్కించి, అద్దెకు తీసుకున్న ఒక సర్వరులో ఉంచాలని కిందటి సమావేశంలో తీర్మానం చేసుకున్నాము. దాన్ని తెరిచే ప్రతి ఒక్కరికీ వేరువేరుగా 'కీ'లు తయారు చేయాలని నేను అన్నాను. అప్పుడు ఒక మిత్రుడు లేచి, "గింత దానికి గంత తతంగం ఎందుకు సారూ? ఒక్క పాస్‌వర్డు పెట్టి నలుగురికీ చెప్తే అయిపోదా?" అన్నాడు. సభలో సగం మంది తలలూపారు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పడానికే ఇప్పుడు మీ ముందు నిలబడ్డాను.

అసలు రిజిస్టరు బీరువాలోనే ఉంటే ఏం పోయింది అనేవారూ ఉన్నారు. ఏం పోయిందో చెప్తాను. కొల్లాపూర్ వైపు ఒక సభ్యుడు కాలం చేశాడు. ఆయన భార్య ఫ్యామిలీ పెన్షన్ కోసం కాగితాలు కూర్చుకుంటున్నది. పీపీవో కాపీ ఇంట్లో దొరకలేదు. నంబరైనా చెప్పండి అని కొడుకు మనవాళ్లకు ఫోను చేశాడు. రిజిస్టరు బీరువాలో ఉన్నది. బీరువా తాళంచెవి ఒక పెద్దమనిషి దగ్గర ఉన్నది. ఆ పెద్దమనిషి అమెరికాలో కొడుకు దగ్గర ఉన్నాడు. చెవి కూడా ఆయన వెంటే విమానం ఎక్కి పోయింది. చివరికి ఆ పిల్లవాడు బ్యాంకులో పాత పాసుపుస్తకం చూపించి నంబరు సంపాదించుకున్నాడు గాని, ఆ తల్లికి నెల రోజులు వృథాగా పోయాయి.

2016 అక్టోబరులో జిల్లాలు విడిపోయాక ఈ ఇబ్బంది ఇంకా పెరిగింది. ఒక్క నల్లగొండ ఉన్నచోట సూర్యాపేట, యాదాద్రి భువనగిరి వచ్చాయి. ఒక్క మహబూబ్‌నగర్ ఉన్నచోట నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల వచ్చాయి, 2019లో నారాయణపేట కూడా వచ్చింది. సభ్యులు మాత్రం పాత జిల్లాల లెక్కనే మనతో కలిసి ఉన్నారు, అది మన అదృష్టం. అచ్చంపేటలో కూర్చున్న శాఖ కార్యదర్శి నల్లగొండ బీరువాలోని పేజీ చూడాలంటే రెండు బస్సులు మారాలి. అందుకని రిజిస్టరు ఒకచోట ఉండి, ఎవరి ఊరినుంచి వారు చూడగలగాలి. సర్వరు అంటే అదే. ఎక్కడో ఒక పెద్ద భవనంలో రాత్రింబగళ్లు నడిచే కంప్యూటరులో మనం కొంత జాగా అద్దెకు తీసుకుంటాము. మన ఇంటి కంప్యూటరునుంచి ఇంటర్నెట్టు దారిన దాని తలుపు దాకా వెళ్లి, లోపలికి పోయి, పని చూసుకుని వస్తాము.

అయితే బీరువా తలుపు ముందు నిలబడేది మన ఊరివాళ్లే. సర్వరు తలుపు ముందు ప్రపంచమంతా నిలబడుతుంది. ప్రయోగం కోసం ముందుగా ఒక సర్వరును నడిపి చూశాము. రిజిస్టరు పేజీ ఒక్కటి కూడా అందులో పెట్టకముందే, మొదటి రాత్రే, మన తలుపు తట్టినవారి జాబితా తెల్లవారేసరికి పేజీలకొద్దీ తయారైంది. తట్టేది మనుషులు కాదు. దొరికిన ప్రతి తలుపు దగ్గరికీ పోయి 'అడ్మిన్', '123456' వంటి మాటలు వరుసగా వేసి చూసే ప్రోగ్రాములు. వాటికి అలుపు రాదు, నిద్ర లేదు. మన సంఘం మీద వాటికి పగ కూడా లేదు. తలుపు తెరుచుకుంటే లోపలికి పోతాయి, అంతే.

లోపల ఏమున్నది? సభ్యుడి పేరు, పీపీవో నంబరు, పుట్టిన తేదీ, బ్యాంకు ఖాతా, ఫోను నంబరు, భార్య లేక భర్త పేరు. ఇవి మోసగాడి చేతిలో పడితే ఏమవుతుందో ఆలోచించండి. 2014 నవంబరులో జీవన్ ప్రమాణ్ మొదలైన తరువాత లైఫ్ సర్టిఫికెట్టు కోసం ఆఫీసుల చుట్టూ తిరిగే బాధ చాలామందికి తగ్గింది, అది మంచిదే. ఆ పేరు చెప్పే పెన్షనర్లకు దొంగ ఫోన్లు చేస్తున్నారు. "మీ పీపీవో నంబరు ఇది, మీ ఖాతా ఫలానా బ్యాంకులో ఉన్నది, మీరు ఫలానా సంవత్సరం రిటైరయ్యారు, లైఫ్ సర్టిఫికెట్టు నిలిచిపోయింది, ఓటీపీ చెప్పండి" అంటే ఎంత జాగ్రత్తపరుడైనా ట్రెజరీ మనిషే అనుకుంటాడు. అంత నమ్మకంగా మాట్లాడడానికి మోసగాడికి కావలసిన సరుకంతా మన రిజిస్టరులో ఉన్నది. ఒక్క పాస్‌వర్డు పెట్టి నలుగురికీ చెప్పడం నాకు ఇష్టం లేకపోవడానికి మొదటి కారణం ఇదే.

పాస్‌వర్డుకు పుట్టుకతోనే ఒక దోషం ఉన్నది. మనిషిని గుర్తుపట్టాలంటే వాడు తన రహస్యాన్ని ఎదుటివాడికి చెప్పాలి. చెప్పిన తరువాత అది ఇద్దరి రహస్యం. వెనుకటికి దూరపు కంప్యూటరులోకి పోవడానికి వాడిన టెల్‌నెట్ వంటి పద్ధతుల్లో పాస్‌వర్డు పోస్టుకార్డు మీద రాసినట్టే తీగ వెంట పోయేది. నడుమ ఎవడైనా చదువుకోవచ్చు. 1995లో ఫిన్లాండులోని హెల్సింకి సాంకేతిక విశ్వవిద్యాలయంలో ఇట్లాగే ఎవరో తీగ మీద చెవిపెట్టి పాస్‌వర్డులు ఏరుకున్నారు. అక్కడ పనిచేసే తాతు ఇలోనెన్ అనే ఆయన దానికి విరుగుడుగా ఒక ప్రోగ్రాము రాసి, అదే సంవత్సరం అందరికీ ఉచితంగా ఇచ్చాడు. దాని పేరు సెక్యూర్ షెల్, పొట్టిగా ఎస్‌ఎస్‌హెచ్. 1999లో ఓపెన్‌బీఎస్‌డీ వారు దాన్నిబట్టి ఓపెన్ ఎస్‌ఎస్‌హెచ్ తెచ్చారు. ఈనాడు ప్రపంచంలో సర్వర్ల కాపలాదారుల్లో ఎక్కువమంది వాడేది ఇదే. 2018 నుంచి విండోస్‌లో కూడా ఇది వస్తున్నది. కాబట్టి మనం విడిగా కొనవలసిందేమీ లేదు.

ఈ పద్ధతిలో పాస్‌వర్డు బదులు 'కీ' వాడవచ్చు. అదేమిటో ట్రెజరీవాళ్లకు చెప్పడం చాలా తేలిక. నేను ఉద్యోగంలో చేరిన కొత్తల్లో దేవరకొండ సబ్ ట్రెజరీలో బిల్లులు తనిఖీ చేసేవాణ్ణి. బిల్లు రాగానే మొదట చూసేది సంతకం. ప్రతి డ్రాయింగ్ ఆఫీసరు నమూనా సంతకాలు మా దగ్గర ఒక ఫైలులో అంటించి ఉండేవి. బిల్లు మీది దస్కత్ నమూనాతో కలిస్తే బిల్లు కదులుతుంది, లేకపోతే అభ్యంతరం రాసి తిప్పి పంపుతాము. ఇక్కడ ఒక విషయం గమనించండి. నమూనా మా దగ్గర ఉన్నది గాని, సంతకం చేసే చెయ్యి మా దగ్గర లేదు. ఆ ఫైలును ఎవడైనా ఎత్తుకుపోయినా, న్యాయంగా అయితే వాడికి ఏమీ దక్కకూడదు. కాగితం మీది సంతకాన్ని చూసి దిద్దేవాళ్లు ఉంటారు గనుక ఆ ఫైలునూ బీరువాలో పెట్టి కాపాడవలసి వచ్చేది. చూసి దిద్దడానికి వీలులేని సంతకం ఉంటే ఎంత బాగుండేదో ఊహించుకోండి.

సరిగ్గా అటువంటి సంతకాన్నే గణితశాస్త్రజ్ఞులు తయారు చేశారు. 1976లో డిఫీ, హెల్‌మన్ అనే ఇద్దరు దారి చూపించారు. 1977లో రివెస్ట్, షమీర్, ఏడెల్‌మన్ అనే ముగ్గురు దాన్ని పని చేసే రూపంలోకి తెచ్చారు. కంప్యూటరు రెండు అంకెలను జతగా పుట్టిస్తుంది. ఒకటి సంతకం చేసే చెయ్యి వంటిది, దాన్ని ప్రైవేటు కీ అంటారు. రెండోది నమూనా సంతకం వంటిది, దాన్ని పబ్లిక్ కీ అంటారు. మొదటిదానితో చేసిన సంతకాన్ని రెండోదానితో సరిచూడవచ్చు. కాని రెండోది దగ్గర పెట్టుకుని మొదటిదాన్ని కనిపెట్టడం అయ్యే పని కాదు. రెండు పెద్ద ప్రధాన సంఖ్యలను గుణించడం కంప్యూటరుకు క్షణం పని. గుణకారం ఫలితం ఇచ్చి ఏ రెంటిని గుణించామో చెప్పమంటే యుగాలు పడుతుంది. ఆ ముగ్గురి పద్ధతికి ఆధారం ఇదే.

యుగాలు అన్నాను గాని, ఆ మాటను కొంచెం జాగ్రత్తగా తీసుకోండి. 1977లో 129 అంకెల సంఖ్య ఒకటి ఒక అమెరికన్ పత్రికలో ఇచ్చి, దీన్ని విడగొట్టినవారికి 100 డాలర్ల బహుమతి అన్నారు. మన మనవల మనవలు కూడా చూడలేనంత కాలం పడుతుందని అప్పటి అంచనా. 1994లో, అంటే 17 ఏళ్లకే, ప్రపంచం నలుమూలల నుంచి సుమారు 600 మంది తమ కంప్యూటర్లను కలిపి ఎనిమిది నెలల్లో విడగొట్టారు. అందుకని ఇప్పుడు ఆ పద్ధతిలో కీ చేసుకునేవారు 925 అంకెల దాకా ఉండే సంఖ్యను వాడుతున్నారు. మనం వాడబోయేది 2011లో వచ్చిన ఇంకో రకం, దాని పేరు ఈడీ25519. పేరు నోరు తిరగదు గాని, కీ చిన్నది, పని త్వరగా అవుతుంది. పబ్లిక్ కీ మొత్తం ఒక్క వరుసలో ఇమిడిపోతుంది.

సర్వరు తలుపు దగ్గర జరిగేది ఇదీ. మీ పబ్లిక్ కీని, అంటే నమూనాను, సర్వరులో 'ఆథరైజ్‌డ్ కీస్' అనే ఫైలులో ముందే చేర్చి ఉంచుతాము. మన నమూనా సంతకాల ఫైలు లాంటిదే అది. మీరు తలుపు తట్టినప్పుడు, ఆ పూటకు మాత్రమే చెల్లే ఒక కొత్త చీటీ తయారవుతుంది. మీ కంప్యూటరు ఆ చీటీ మీద ప్రైవేటు కీతో సంతకం చేసి పంపుతుంది. సర్వరు దాన్ని నమూనాతో సరిచూస్తుంది. కలిస్తే తలుపు తెరుస్తుంది. ప్రైవేటు కీ మాత్రం మీ ఇల్లు దాటి ఒక్క అడుగు కూడా వేయదు. నడుమ ఎవడైనా ఆ సంతకాన్ని పట్టుకున్నా వాడికి లాభం లేదు, మరుసటిసారి చీటీ వేరుగా ఉంటుంది. నిన్నటి సంతకం ఇవాళ చెల్లదు.

ఈ మాటలు మీకు కొత్తగా వినిపించవచ్చు గాని, ఈ సంతకం మన ఊళ్లలో అందరికీ తెలిసినదే. 2017 సెప్టెంబరులో భూ రికార్డుల ప్రక్షాళన మొదలైన తరువాత మన రెండు జిల్లాల్లో ఏ రచ్చబండ దగ్గరికి పోయినా "నాకు డిజిటల్ సంతకం అయింది, వానికి కాలేదు" అనే మాటే వినిపించేది. సంతకం కాకపోతే పాసుపుస్తకం లేదు, 2018లో వచ్చిన రైతుబంధు చెక్కు లేదు. ఆ డిజిటల్ సంతకం ఈ జంట కీల పద్ధతే. 2000లో వచ్చిన ఐటీ చట్టం దానికి కలంతో చేసిన సంతకంతో సమానమైన విలువ ఇచ్చింది. తహసీల్దారు దగ్గర ఉండే చిన్న డాంగిల్‌లో ఆయన ప్రైవేటు కీ ఉంటుంది. అది బయటికి రాదు. దానికి పిన్ నంబరు ఒకటి. డాంగిల్ ఒకరిది, పిన్ కొట్టే వేలు ఇంకొకరిది అయితే, కంప్యూటరుకు ఆ తేడా తెలియదు. సంతకం తహసీల్దారుదే అంటుంది, జవాబు కూడా ఆయనే చెప్పుకోవాలి. ఎంత గొప్ప గణితమైనా "ఆపరేటరు తమ్ముడూ, నువ్వే కొట్టెయ్" అన్న మాటను ఆపలేదు.

ఇక డబుల్ లాక్ సంగతి. స్ట్రాంగ్ రూముకు రెండు తాళాలు ఉంటాయనీ, ఒక దాని చెవి అధికారి దగ్గరా రెండోది ఇంకొక బాధ్యుడి దగ్గరా ఉంటాయనీ, ఇద్దరూ కలిసి వస్తేనే తలుపు తెరుచుకుంటుందనీ ఇక్కడ చాలామందికి తెలుసు. స్టాంపులు, ఎన్నికల తరువాత సీలు వేసిన పెట్టెలు, అన్నీ ఆ రెండు తాళాల వెనకే ఉండేవి. నాగర్‌కర్నూల్‌లో నాతో పనిచేసిన షరాఫు ఒకాయన తన చెవిని మొలతాడుకు కట్టుకుని తిరిగేవాడు. స్నానానికి పోయినా అది ఒంటి మీదనే ఉండేది. మేము నవ్వేవాళ్లం. ఆయన నవ్వేవాడు కాదు.

ప్రైవేటు కీకి కూడా రెండో తాళం ఉన్నది. కీ తయారు చేసేటప్పుడు కంప్యూటరు 'పాస్‌ఫ్రేజు' అడుగుతుంది. అది లేకుండా ఎంటరు కొట్టి ముందుకు పోవచ్చు, చాలామంది పోతారు. మనవాళ్లు పోవద్దు. పాస్‌ఫ్రేజు పెడితే కీ ఫైలు తాళం వేసిన పెట్టెలో పెట్టినట్టు అవుతుంది. ల్యాప్‌టాప్‌ను దొంగ ఎత్తుకుపోయినా కీ వాడికి వెంటనే పనికిరాదు. ఫైలు ఒక చెవి, మీ మనసులోని మాట రెండో చెవి. ఒకదానితో ఒకటి పొత్తులేని నాలుగైదు మాటలు కలిపి పెట్టుకోండి. మనవరాలి పేరు, స్కూటరు నంబరు, రిటైరైన తేదీ వద్దు, అవన్నీ మన రిజిస్టరులోనో ఫేస్‌బుక్కులోనో దొరుకుతాయి. ఇంకో మాట. పాస్‌ఫ్రేజు కొట్టేటప్పుడు తెరమీద ఏ అక్షరమూ కనబడదు, చుక్క కూడా పడదు. కంప్యూటరు చెడిపోయిందనుకుని మనవణ్ణి కేకేయవద్దు. అది అంతే. కొట్టి ఎంటరు నొక్కండి.

తయారు చేసే పని నిజంగా అయిదు నిమిషాలది. నల్లటి కిటికీ ఒకటి తెరిచి 'ఎస్‌ఎస్‌హెచ్ కీజెన్' అనే ఆదేశం ఇస్తాము. ఎక్కడ దాచాలి అని అడుగుతుంది, ఎంటరు కొడతాము. పాస్‌ఫ్రేజు రెండుసార్లు అడుగుతుంది. రెండు ఫైళ్లు పుడతాయి. ఒకదాని పేరు చివర 'డాట్ పబ్' అని ఉంటుంది. హైదరాబాదులో పిల్లలు పోయే పబ్బు కాదిది, పబ్లిక్ అనే మాటకు పొట్టిపేరు. నాకు పంపవలసింది ఆ ఒక్క ఫైలే. వాట్సాప్‌లో పంపినా, నోటీసు బోర్డు మీద అంటించినా దానికి దోషం లేదు. పేరు చివర ఏమీ లేని రెండోది మాత్రం నాకు పంపవద్దు, అధ్యక్షులవారికి పంపవద్దు, కన్నకొడుక్కు కూడా పంపవద్దు. నేనే అడిగినా ఇవ్వవద్దు. నేను అడిగానంటే అది నేను కాదనుకోండి.

కీ పుట్టేటప్పుడు యాదృచ్ఛికత అనేది ఒకటి ఉంటుంది. అంటే ఆ అంకెను ఎవరూ ఊహించలేనట్టుగా పాచికలు పడాలి. అంగట్లో దొరికే చవక తాళాలు మీకు తెలుసు. పైకి ఒక్కొక్కటీ వేరుగానే ఉంటుంది, కాని పక్కింటి చెవి పెట్టి కాస్త ఆడిస్తే మన తాళం ఊడి వస్తుంది. ఎందుకంటే చేసేవాడు పది రకాల చెవులే తిప్పి తిప్పి చేశాడు. కంప్యూటరు కీలకూ ఇదే జరిగింది. డెబియన్ అనే వ్యవస్థలో 2006లో ఎవరో మంచి ఉద్దేశంతోనే రెండు వరుసలు తీసేశారు. దాంతో పాచికలు పడడం ఆగిపోయింది. ఒక్కొక్క రకం కీకి 32,767 కీలు మాత్రమే పుట్టసాగాయి. అన్నీ తయారు చేసి పెట్టుకుని వరుసగా వేసి చూసేవాడికి అది లెక్కలోనిది కాదు. 2008 మేలో గాని ఈ సంగతి బయటపడలేదు. ప్రపంచమంతటా కీలు పారేసి కొత్తవి చేసుకోవలసి వచ్చింది. కొత్త తాళం కొన్నాం గనుక భయం లేదు అనుకునేవారికి ఈ సంగతి తెలిసి ఉండాలని చెప్తున్నాను.

ఇప్పటిదాకా సర్వరు మనల్ని గుర్తుపట్టడం గురించి చెప్పాను. మనం సర్వరును గుర్తుపట్టవద్దా? మొదటిసారి తలుపు దగ్గరికి పోగానే, "ఈ సర్వరు నాకు కొత్త, దీని వేలిముద్ర ఇది, ముందుకు పోనా?" అని మన కంప్యూటరు అడుగుతుంది. నూటికి తొంభై మంది చదవకుండా 'ఎస్' కొడతారు. కొత్త డ్రాయింగ్ ఆఫీసరు వచ్చినప్పుడు ఆయనే తన నమూనా తెచ్చి ఇస్తే మనం తీసుకున్నామా? పాత అధికారో పై అధికారో ధ్రువీకరించి పంపితేనే ఫైలులో అంటించాము. ఇదీ అంతే. మన సర్వరు నిశాని, అంటే ఆ అక్షరాల వరుస, ఈ ప్రత్యేక సంచికతో పాటు ప్రతి శాఖ కార్యదర్శికీ విడిగా కాగితం మీద అందుతుంది. తెరమీది అక్షరాలను కాగితంతో కలిపి చూసుకుని అప్పుడు 'ఎస్' కొట్టండి. తరువాత ఎప్పుడైనా నిశాని మారిందని పెద్ద హెచ్చరిక వస్తే పని అక్కడే ఆపి ఫోను చేయండి. మేము సర్వరు మార్చి ఉంటే మార్చామని చెప్తాము. మార్చలేదంటే ఆ తలుపు మనది కాదు.

అందరి కీలూ పని చేస్తున్నాయని తేలిన తరువాత సర్వరులో పాస్‌వర్డు దారి పూర్తిగా మూసేస్తాము. రాత్రంతా తలుపు తట్టే ఆ ప్రోగ్రాములు కోటి మాటలు వేసి చూసినా వినే చెవి ఉండదు. మూసేముందు ఒకరు లోపల ఉండి, ఇంకొకరు బయటినుంచి కీతో రాగలుగుతున్నారో లేదో చూడాలి. చెవిని బీరువాలో పెట్టి బీరువాకు తాళం నొక్కినవాళ్లను మనం చూశాము కదా.

ఒక్క పాస్‌వర్డు నలుగురికీ ఎందుకు వద్దంటే, మొదటి కారణం చెప్పాను. రెండోది బదిలీ. ట్రెజరీలో అధికారి బదిలీ అయిన నాడే ఆయన నమూనా మీద అడ్డగీత పడేది. కొత్తాయన వచ్చేదాకా ఒక్క బిల్లు కదిలేది కాదు, ఎవరు ఎంత తొందరపెట్టినా. సర్వరులో కూడా ఒక్కొక్కరి కీ ఒక్కొక్క వరుస. కార్యదర్శి మారితే ఆయన వరుస ఒక్కటి తీసేస్తే చాలు, మిగతావాళ్లకు ఏ ఇబ్బందీ ఉండదు. అదే ఒక్క పాస్‌వర్డయితే, ఒక్కరు దిగిపోతే అందరికీ కొత్తది చెప్పాలి. చెప్పడానికి బద్ధకించి పాతదే ఉంచుతాము. నాలుగేళ్లకు ఆ పాస్‌వర్డు తెలిసినవాళ్లు నలుగురో నలభైమందో లెక్క ఉండదు. పైగా రిజిస్టరులో ఒక ఖాతా నంబరు మారిపోయిందనుకోండి, ఎవరు మార్చారు? ఒక్క పాస్‌వర్డుతో అందరూ లోపలికి పోతే ఆ ప్రశ్నకు జవాబు ఉండదు. నిర్దోషి మీద కూడా అనుమానం పడుతుంది. మన వయసులో డబ్బు పోయినా తట్టుకుంటాము గాని ఆ అనుమానం తట్టుకోలేము.

అందుకని మా ఉపసంఘం చేసిన ఏర్పాటు ఇది. రిజిస్టరును దిద్దే అధికారం శాఖకు ఒక్కరికే ఉంటుంది. సర్వరు మొత్తాన్ని చూసుకునే అధికారం ఇద్దరికి, ఒకరు నల్లగొండ వైపు, ఒకరు మహబూబ్‌నగర్ వైపు. ఇంట్లో రెండు కంప్యూటర్లు ఉన్నవారు ఒకే కీని రెంటిలోకీ కాపీ చేయవద్దు. దేనికది వేరు కీ చేసుకోండి. ఒకటి పోతే దాని వరుస మాత్రమే కొట్టేయవచ్చు. పదవి వదిలిన రోజున చార్జి అప్పగింత కాగితంలో "కీ తొలగించడమైనది" అనే వాక్యం ఉండాలి, దాని కింద ఇద్దరి సంతకాలు ఉండాలి.

చెప్పడానికి కొంచెం ఇబ్బందిగా ఉన్నా ఇంకో మాట చెప్పాలి. మన సంఘంలో పదవి ఖాళీ కావడానికి బదిలీ ఒక్కటే కారణం కాదు. సర్వరు చూసుకునే ఇద్దరూ ఒకేసారి మంచాన పడవచ్చు, ఇంకేమైనా కావచ్చు. వెనుకటి ట్రెజరీ పద్ధతిలో మారు తాళంచెవులను సీలు వేసి ఇంకోచోట భద్రపరిచేవారు. ఆ పద్ధతినే పాటిద్దాము. మూడో కీ ఒకటి చేసి, పెన్‌డ్రైవులో పెట్టి, కవరుకు సీలు వేసి సంఘం బ్యాంకు లాకరులో ఉంచుతాము. దాని పాస్‌ఫ్రేజు వేరే కవరులో కోశాధికారి దగ్గర ఉంటుంది. ఒక కవరు మాత్రమే దొరికినవాడికి ఏమీ దొరకనట్టే. ఏడాదికి ఒకసారి, ఈ సభకు ముందు, రెండు కవర్లూ తెరిచి పని చేస్తున్నాయో లేదో చూసి మళ్లీ సీలు వేస్తాము. కుటుంబ సభ్యులకు ఒక మనవి. మీ ఇంట్లో పెద్దవారికి ఏదైనా అయితే వారి ల్యాప్‌టాప్‌లో ఏముందోనని మీరు వెతకనక్కరలేదు, పాస్‌ఫ్రేజు తెలియదే అని బాధపడనక్కరలేదు. ఒక్క ఫోను చేస్తే ఆ వరుస కొట్టేస్తాము. వారి పీపీవో వివరాలు మీకు అదే రోజు కాగితం మీద అందుతాయి.

వచ్చే నెల రెండో శనివారం ఉదయం పది గంటలకు ఈ హాలులోనే శాఖ కార్యదర్శులంతా కూర్చుని కీలు చేసుకుందాము. మహబూబ్‌నగర్ వైపువారికి మూడో శనివారం అక్కడే ఏర్పాటు చేశాము. ల్యాప్‌టాప్, దాని చార్జరు, చదివే కళ్లద్దాలు తెచ్చుకోండి. పాస్‌ఫ్రేజు ఇంటి దగ్గరే ఆలోచించుకుని రండి. ఇక్కడ పక్కవాణ్ణి అడిగి పెట్టుకోవద్దు.